రామచంద్రపురంలో అద్దె సైకిళ్ళు, కోటిపల్లి రైలు కట్ట వెంట ఒక పూట

మా నాన్నకి 68 ఏళ్ళు, సైకిల్ ఎక్కి పదేళ్ళు దాటింది. అయినా మొన్న డిసెంబర్లో ఒక ఆదివారం ఇద్దరం రామచంద్రపురంలో సైకిళ్ళు అద్దెకి తీసుకుని ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి రేవు దాకా తొక్కుకుంటూ వెళ్ళి అదే దారిన వెనక్కి వచ్చాం. అంతా కలిపి నలభై కిలోమీటర్ల లోపే, కానీ మాకు రోజు మొత్తం పట్టింది, అంత నిదానంగా వెళ్ళాం.

షాపు చిన్నది, అసలు పని రిపేర్లు, ఓ పది సైకిళ్ళు మాత్రం అద్దెకి పెట్టుకున్నాడు. రోజుకి 150, ఆధార్ జిరాక్స్ ఇస్తే చాలు, అడ్వాన్స్ అడగలేదు. గేర్ల సైకిల్ ఉందా అని అడిగితే "మన పక్క ఎత్తులెక్కడున్నాయండీ, మామూలుదే తీసుకెళ్ళండి, హాయిగా ఉంటదండి" అన్నాడు. నిజమే, దారి పొడుగూతా ఒక్క చోట కూడా దిగి నడిపించాల్సిన పని పడలేదు. నాకు బాగా నచ్చింది ఏంటంటే నాన్నని చూసి అడక్కుండానే సీటు దించేసి, "బాబాయ్ గారూ, ఒకసారి ఎక్కి కాళ్ళు ఆనుతున్నాయో లేదో చూడండి" అని వీధి చివరిదాకా తొక్కించి, పక్కనే నడుస్తూ వెళ్ళి అప్పుడు పంపించాడు. పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళకి ఇదొక్కటి చాలు ఈ షాపుకి వెళ్ళడానికి.

ఇక దారి. కాకినాడ కోటిపల్లి లైను 1928లో వేశారు, రెండో ప్రపంచ యుద్ధానికి ఇనుము కావాలని 1940లో పట్టాలు పీక్కుపోయారు, మళ్ళీ 2004లో గానీ రైలు రాలేదు. మధ్యలో 64 ఏళ్ళు. నాన్న బడికెళ్ళిన రోజుల్లో అది ఉత్త మట్టి కట్ట, అందరూ రైలు కట్ట అనేవాళ్ళు, వానాకాలంలో చేలగట్లు బురదైపోతే ఊళ్ళవాళ్ళకి పొడిగా ఉండే దారి అదేనంట, సైకిల్ వెనక ఒకణ్ణి ముందు ఒకణ్ణి ఎక్కించుకుని తొక్కేవాడంట. తర్వాత రైల్ బస్సు నడిచింది, కరోనా టైంలో అదీ ఆగింది. తొక్కుతూ లెక్కేసుకున్నా, మొదట 12 ఏళ్ళు, తర్వాత ఓ 16 ఏళ్ళు, అంటే ఆ కట్ట మీద రైలు తిరిగిన కాలం కంటే మనుషులు నడిచిన కాలమే రెండింతలకి పైన. ఇది నాన్నకి చెప్తే సైకిల్ ఆపేసి "అవున్రా" అని చాలాసేపు ఆ కట్ట వైపే చూస్తా నిలబడ్డాడు.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా, పట్టాల మీదకి సైకిల్ ఎక్కించకండి. అది రైల్వే స్థలం, పైగా కంకర మీద చక్రం జారుతుంది. కట్ట పక్కన కొన్ని చోట్ల డొంక దారి ఉంటుంది, లేనిచోట ఊళ్ళ రోడ్డు, కాలువ గట్టు. మేం వెళ్ళినప్పుడు సార్వా (మొదటి పంట) కోతలు అయిపోయి చేలల్లో కుప్పలు, ఒక పక్క దాళ్వాకి (రెండో పంటకి) నారుమళ్ళు పచ్చగా, కొంగలు ట్రాక్టర్ వెనకాలే. మెయిన్ రోడ్డు మాత్రం ఎనిమిది దాటితే లారీలతో నిండిపోతుంది, అందుకే ఆరింటికే బయల్దేరండి.

ద్రాక్షారామంలో భీమేశ్వరుణ్ణి చూడకుండా ముందుకెళ్ళొద్దు. లింగం రెండంతస్తుల ఎత్తు, పైభాగం దర్శనానికి మెట్లెక్కాలి. గుడి గోడల మీద, స్తంభాల మీద శాసనాలు ఉంటాయి, తొందరపడకుండా తిరిగితే గంటన్నర ఇట్టే అయిపోతుంది. బయటికొచ్చి పెసరట్టు ఉప్మా తిన్నాం, పర్లేదు. దానికంటే రోడ్డు పక్కన ఒకామె దగ్గర కొన్న కాల్చిన తేగలు బ్రహ్మాండంగా ఉన్నాయి, కట్ట కొనుక్కుని హ్యాండిల్‌కి తగిలించుకుని దారంతా నముల్తూనే ఉన్నాం.

ద్రాక్షారామం దాటాక నా సైకిల్‌కి తుమ్మముల్లు దిగి గాలి పోయింది. షాపు అతనికి ఫోన్ చేస్తే అరగంటలో బండి మీద వచ్చి చెట్టు కింద కూర్చుని పంచర్ వేసి డబ్బులిస్తే తీసుకోలేదు, "మా సైకిలు కదండీ" అన్నాడు. ముందే ఒక పంపు, రెండు ప్యాచ్‌లు ఇచ్చి పంపితే ఈ ఇబ్బంది ఉండదు కదా అని చెప్పా, సరేనన్నాడు. ఇంకో లోపం, నాన్న సైకిల్‌కి బెల్లు మోగలేదు, నాదానికి వెనక బ్రేకు సగమే పట్టేది. తీసుకునేటప్పుడే రెండు బ్రేకులూ నొక్కి చూసుకోండి.

కోటిపల్లి రేవులో గౌతమి గోదావరి ఒడ్డున కూర్చుంటే నీళ్ళల్లో రైలు వంతెన స్తంభాలు కనిపిస్తాయి, అవి నరసాపురం దాకా వెయ్యాలనుకున్న లైనువి, బాలయోగి గారు లోక్‌సభ స్పీకర్‌గా ఉన్నప్పుడు పట్టుబట్టి తెచ్చిన లైను. అవతల ముక్తేశ్వరం, మధ్యలో పంటు (రేవు దాటించే పెద్ద పడవ) తిరుగుతూ ఉంటుంది, మనుషులు బళ్ళు సైకిళ్ళు అన్నీ ఎక్కేస్తాయి. మాకూ ఎక్కాలనిపించింది గానీ అప్పటికే మూడయ్యింది, సైకిళ్ళకి లైట్లు లేవు, చలికాలం పొద్దు త్వరగా కుంకుతుంది. షాపు అతను మరీ మరీ చెప్పాడు చీకటి పడకముందే వచ్చెయ్యమని.

వెనక్కి వచ్చి సైకిళ్ళు అప్పజెప్పేటప్పుడు లైట్ల సంగతి అడిగా, పండక్కల్లా నాలుగు సైకిళ్ళకన్నా బిగిస్తానన్నాడు. ఈసారి నాన్న అవతల ఒడ్డు కూడా తొక్కుతా అంటున్నాడు, మళ్ళీ ఆ సీటు దించిన సైకిలే కావాలంట.