రక్తం రాని లోతు గాయాన్ని సరిగ్గా చూసిన డాక్టరు: తెనాలిలోని ఒక చిన్న సర్జికల్ క్లినిక్

చేతికి గాయమైతే ఎక్కడికి వెళ్లాలని తెనాలిలో ఎవరైనా అడిగితే, ఒకే ఒక్క సర్జన్ నడుపుతున్న ఈ క్లినిక్‌నే నేను నిస్సంకోచంగా చెబుతాను. పేరు రాయవద్దని డాక్టరుగారు కోరినందువల్ల రాయడం లేదు గానీ, ఆయన గాయాన్ని పరీక్షించిన పద్ధతి ఏ ఆసుపత్రిలోనైనా రోగి అడిగి మరీ చేయించుకోదగినది.

ఆవకాయకు కాయలు కొడుతుండగా మా వదినగారి చూపుడువేలి మొదట్లో, అరచేతి వైపు, కత్తి లోతుగా దిగింది. లోపలి కొవ్వు పచ్చగా కనబడేంత గాయమైనా నాలుగు చుక్కలు కారి రక్తం ఆగిపోయింది. ఇంట్లోవాళ్లు కాఫీపొడి అద్ది, గుడ్డ చుట్టి, పైపైన తెగిందేలే అని సరిపెట్టుకోబోయారు. క్లినిక్ రిసెప్షన్‌లోనూ అదే ధోరణి ఎదురైంది. గుడ్డ తడవలేదు కదా అని జ్వరాలవాళ్ల వెనకాల టోకెన్ ఇచ్చి కూర్చోబెట్టారు. ఈ క్లినిక్ మీద నాకున్న గట్టి అభ్యంతరం ఇదే. గాయం తీవ్రతను కారిన రక్తాన్ని బట్టి లెక్కకట్టే అలవాటు వైద్యం జరిగే చోట ఉండకూడదు.

లోపలికి వెళ్లాక మాత్రం అంతా మారిపోయింది. మత్తు సూది వేస్తే స్పర్శ తెలియదు కాబట్టి, అది వేయకముందే డాక్టరుగారు ఆమెను కళ్లు మూసుకోమని, వేలి కొసను రెండు పక్కలా విడివిడిగా దూదితో తాకి చూశారు. బొటనవేలి వైపు స్పర్శ మొద్దుబారినట్టుందని ఆమె చెప్పారు. తర్వాత నడిమి కణుపును కదలకుండా పట్టుకొని, చివరి కణుపును మాత్రమే వంచమన్నారు. అది వంగింది కాబట్టి వేలి కొసను వంచే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి కణజాలం) పూర్తిగా తెగలేదని తేలింది. గోరు నొక్కి వదలగానే తెల్లబడిన చోటికి మళ్లీ ఎరుపు వచ్చింది, అంటే వేలి కొసకు రక్తం అందుతోందన్నమాట.

రక్తం ఎందుకు రాలేదని అడిగితే, వెనకాల రోగులు వేచి ఉన్నా విసుక్కోకుండా వివరించారు. వేలికి రెండు పక్కలా ఒక్కొక్క ధమని, దానిని అంటిపెట్టుకొని ఒక్కొక్క నరం ఉంటాయి. పదునైన కత్తికి ధమని పూర్తిగా తెగినప్పుడు దాని గోడలోని కండరం బిగుసుకొని, లంగా నాడా కొస లోపలికి జారిపోయినట్టు తెగిన కొస కణజాలంలోకి ముడుచుకుపోతుంది, అక్కడ ప్లేట్‌లెట్లు చేరి రక్తం గడ్డకడుతుంది. సగం తెగిన ధమని అలా ముడుచుకోలేదు కాబట్టి ఎక్కువసేపు కారుతుంది. కొవ్వులోనూ టెండన్లలోనూ రక్తనాళాలు తక్కువ. మాడు మీద మాత్రం అవి దట్టంగా ఉండడమే కాక, చుట్టూ ఉన్న గట్టి కణజాలం వాటిని మూసుకోనివ్వదు కాబట్టి చిన్న గీతకే తల తడిసిపోతుంది. “రక్తం రాలేదని ధైర్యపడకండమ్మా, ధమని పక్కనున్న నరం కూడా తెగినట్టుంది,” అన్నారు. బిగుసుకున్న నాళం కొన్ని గంటలకు సడలి మళ్లీ కారవచ్చనీ, అప్పుడు మధ్యలో తీసి చూడకుండా పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోవాలనీ చెప్పారు.

కాఫీపొడిని సెలైన్‌తో కడగడానికే చాలాసేపు పట్టింది. టీటీ ఇంజెక్షన్ వేసి, చర్మం వరకే కుట్లు వేసి, వేలికి బద్ద కట్టారు. సన్నని నరాన్ని కలపడానికి కావలసిన మైక్రోస్కోపు తన దగ్గర లేదని నేరుగా చెప్పి, పరీక్షలో కనబడిన ప్రతి విషయమూ రాసిన ఉత్తరంతో గుంటూరులోని ప్లాస్టిక్ సర్జన్ వద్దకు పంపారు. అక్కడ తెరిచి చూస్తే నరం తెగే ఉంది, దానిని కలిపారు. నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది కాబట్టి వేలి కొసకు స్పర్శ నెమ్మదిగా వస్తోంది.

ఫీజు అందుబాటులోనే ఉంది, అయితే రసీదు అడిగితేనే ఇచ్చారు. రాత్రిపూట డాక్టరుగారు ఉండరు కాబట్టి ఆ వేళ గాయమైతే నేరుగా గుంటూరు వెళ్లడమే మంచిది.