12 సూదుల క్రోషే పెట్టె: మూడేళ్ల వాడకం తరువాత

క్రోషే (కొక్కెం ఉన్న సూదితో దారాన్ని అల్లే పని) నేర్చుకోవాలని మూడేళ్ల క్రితం ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న పెట్టెలో 2 మి.మీ. నుంచి 8 మి.మీ. వరకు 12 అల్యూమినియం సూదులు, ఆరు చిన్న అక్రిలిక్ దారపు ఉండలు, గుర్తు పిన్నులు, పెద్ద బెజ్జం ఉన్న కుట్టుసూది, ఒక కరపత్రం ఉన్నాయి. ఇన్నాళ్లలో నేను నిజంగా వాడినవి మూడు సూదులే. అందులోనూ నూటికి తొంభై పాళ్ల పని 5 మి.మీ. సూదితోనే జరిగింది.

నల్ల ఉండతో మొదలుపెట్టడం నా మొదటి పొరపాటు. నల్లదారంలో కుట్లు విడిగా కనిపించవు కనుక సూది ఎక్కడ దూర్చాలో తెలియక, రెండు సాయంత్రాలు అల్లడం, విప్పడంతోనే గడిచిపోయాయి. లేత పసుపు దారానికి మారిన తరువాత 20 కుట్లతో మొదలైన చతురస్రం పదో వరుసకు 14 కుట్లకు తగ్గి త్రికోణంగా మారింది. చాలా వరుసల్లో చివరి కుట్టును వదిలేస్తున్నానని చాలా ఆలస్యంగా గ్రహించాను. వరుసలోని మొదటి కుట్టుకూ చివరి కుట్టుకూ పిన్ను తగిలించి, వరుస పూర్తయినప్పుడల్లా లెక్కపెట్టుకోవడం అలవాటయ్యాక అంచులు నిటారుగా నిలిచాయి. పెట్టె మొత్తంలో అత్యంత చౌకైన ఆ ప్లాస్టిక్ పిన్నులే నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడ్డాయి.

కరపత్రం మాత్రం మేలు కన్నా కీడే ఎక్కువ చేసింది. బ్రిటిష్ పద్ధతిలో డబుల్ క్రోషే అనే కుట్టునే అమెరికన్ పద్ధతిలో సింగిల్ క్రోషే అంటారు. తాను ఏ పద్ధతి పాటిస్తున్నదో కరపత్రం చెప్పలేదు, నేను చూసిన వీడియోలు అమెరికన్ పద్ధతివి. అమెరికన్ డబుల్ క్రోషే కుట్టు ఎత్తు ఎక్కువ కనుక నా మొదటి మఫ్లర్ అనుకున్నదానికి దాదాపు రెట్టింపు పొడవు వచ్చింది.

నర్సాపురంలో సన్నని నూలుదారంతో లేసు అల్లుతూ పెరిగిన మా అత్తయ్య నా లావుపాటి దారాన్ని చూసి, "ఇది దారమా, మోకా?" అని నవ్వారు. ఆ ప్రాంతపు క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మొదటి గొలుసు (అల్లికకు పునాదిగా వేసే కుట్ల వరుస) బిగుసుకుపోయి సూది దూరకపోవడానికి కారణం సూది కాదనీ, దారాన్ని ఎడమచేతి చూపుడువేలి మీద సరిగా నడపకపోవడమేననీ ఆవిడే చూపించారు. చేయి కుదిరేవరకు గొలుసును 5.5 మి.మీ. సూదితో వేసి, మిగతా వరుసలు 5తో అల్లాను.

నాణ్యత విషయానికి వస్తే, రబ్బరు పిడి రెండో వేసవికే జిగురు వదిలింది, సూదులపై అచ్చువేసిన కొలతలు చెరిగిపోయాయి. అక్రిలిక్ దారంతో వేడి గిన్నెలు పట్టుకునే గుడ్డలు అల్లరాదు, అది వేడికి కరుగుతుంది; వాటికి నూలు కొనవలసిందే. కొత్తగా మొదలుపెట్టేవారికి 5 మి.మీ. సూది ఒకటి, మధ్యరకం మందమున్న లేతరంగు దారం ఒక పెద్ద ఉండ, నాలుగు పిన్నులు చాలు. నా పెట్టెలోని 7, 8 మి.మీ. సూదులకు నేటికీ దారం తగలలేదు.