వేపచెక్క బెంచీ: ఏళ్ల తరబడి వాడాక

కొత్తగా చెక్కపని పట్టేవాళ్లు ముందుగా చేయాల్సింది కుర్చీ కాదు, బెంచీ. కుర్చీలో వాలు కోణాలుంటాయి, బెంచీలో అన్నీ తొంభై డిగ్రీలే. నాలుగు కాళ్లు, వాటిని పైన కలిపే నాలుగు పట్టీలు, కింద హెచ్ ఆకారంలో మూడు అడ్డకర్రలు, మీద పలక. ఈ సమీక్ష ఇంట్లో రోజూ వాడే వేపచెక్క బెంచీ గురించి. ఎన్నో ఎండాకాలాలు, వానాకాలాలు దాటాక దాని పరిస్థితి ఇదీ: కీళ్లు కదల్లేదు, పలక పగల్లేదు. పైపూత చాలాచోట్ల అరిగింది, కాళ్ల అడుగులు కాస్త నల్లబడ్డాయి. కీళ్లు, పలక ఇంత బాగా నిలవడానికి కారణం చెక్క పూర్తిగా ఆరి ఉండటం, పలక సాగడానికీ ముడుచుకోవడానికీ చోటు వదలడం.

వేప ఎందుకంటే ఊళ్లలో తేలిగ్గా దొరుకుతుంది, టేకు కన్నా చవక, మేకునూ మరమేకునూ గట్టిగా పట్టుకుంటుంది. ఎర్రటి చేవ భాగానికి చెద అంత త్వరగా పట్టదు. అంచున ఉండే తెల్లచెక్క సంగతి వేరు, దానికి పుచ్చు పడుతుంది. ఈ బెంచీలోనూ ఒక పట్టీ అంచున వేలెడంత తెల్లచెక్క ఉండిపోయింది. సన్న బెజ్జాలు, వాటి కింద పిండిలాంటి పొట్టు కనిపించింది సరిగ్గా అక్కడే. పుచ్చు చేవ వరకూ వచ్చి ఆగిపోయింది. అడితిలో పలక ఎంచుకునేటప్పుడు తెల్ల అంచు మొత్తం తీసేసినా కావలసిన వెడల్పు మిగులుతుందా అని చూసుకోండి.

పచ్చి చెక్క కొంటే మాత్రం అన్నీ తప్పుతాయి. అంగుళం మందం పలక నీడలో, గాలి తగిలేచోట ఆరడానికి దాదాపు ఏడాది పడుతుంది. పలకల మధ్య సన్న పట్టీలు పెట్టి దొంతర కట్టాలి. కొసల నుంచి తేమ వేగంగా పోయి పగుళ్లు వస్తాయి కాబట్టి రెండు కొసలకీ పెయింట్ పూయాలి. ఆరిందో లేదో తేల్చుకోవడానికి తేమ మీటరే అక్కర్లేదు. ఒక ముక్కని వారానికోసారి తూకం వేయండి. వరసగా మూడు నాలుగు వారాలు బరువు తగ్గకపోతే పని మొదలుపెట్టవచ్చు.

కొలతలు మిల్లీమీటర్లలో: పలక 1200 పొడవు, 350 వెడల్పు, 25 మందం, 175 వెడల్పున్న రెండు పలకలు అతికించినది. కాళ్లు 50 × 50, పొడవు 430. పట్టీలు 75 × 22, పొడవాటివి 956, పొట్టివి 256. కింద పొట్టి అడ్డకర్రలు రెండు, 40 × 22, పొడవు 256. వాటిని కలిపే మధ్యకర్ర పొడవు 972. పలక మందంతో కలిపి ఎత్తు 455, అంటే దాదాపు 18 అంగుళాలు. తయారైన బెంచీలో ఉండే చెక్క ముప్పావు ఘనపుటడుగు లోపే. కోతలో, చిత్రికలో పోయేది కలుపుకుని ఒకటింపావు ఘనపుటడుగు తెచ్చుకుంటే సరిపోతుంది.

కీళ్లన్నీ మార్టిస్ టెనన్ పద్ధతిలోనివి. కాలిలో బెజ్జం, పట్టీ కొసన ఆ బెజ్జంలో దిగే నాలుక. టెనన్ మందం 8 మి.మీ. మీ దగ్గరున్న ఉలి వెడల్పే బెజ్జం వెడల్పు కాబట్టి 8 దొరక్కపోతే 6 వాడండి, కానీ మధ్యలో మార్చకండి. కాలిలో బెజ్జం లోతు 30, టెనన్ పొడవు 28. ఆ రెండు మి.మీ. ఖాళీ ఎక్కువైన ఫెవికాల్ చేరడానికి. అది లేకపోతే జిగురు అడుగున ఇరుక్కుని పట్టీ భుజం (నాలుక మొదట్లో ఉండే మెట్టు) కాలికి ఆనదు. ఒకే కాలిలోకి రెండు పక్కల నుంచి టెనన్లు వచ్చి లోపల ఢీకొంటాయి కాబట్టి పట్టీల టెనన్ కొసలను 45 డిగ్రీల వాలుగా కోయాలి.

ఎక్కువమంది దెబ్బతినేది కాలి పైకొస దగ్గర. బెజ్జం కొసకి దగ్గరైతే ఉలి దెబ్బకి కాలు నిలువునా చీలుతుంది. అందుకే కాళ్లను మొదట 450 పొడవుగా ఉంచి, బెజ్జాలన్నీ తొలిచాక పైనున్న 20 కోసేయాలి. అప్పుడు కూడా టెనన్ వెడల్పు 75 పెట్టకూడదు. పైన 12, కింద 8 వదిలి 55 చేయాలి. గీతలు పెన్సిల్‌తో కాక పదునైన కత్తితో గీస్తే భుజం కోత శుభ్రంగా వస్తుంది. టెనన్ అరచేతి ఒత్తుడుకి దిగాలి. కొయ్యసుత్తితో బాదితేగానీ దిగట్లేదంటే బిగువెక్కువ. దానంతట అదే జారిపడితే టెనన్ పక్కన పలచటి చెక్క రేకు అతికించి మళ్లీ చెక్కండి. ఫెవికాల్ ఖాళీలను నింపి బలమివ్వదు.

అతికించే పని వేసవిలో పొద్దున్నే పెట్టుకోండి. ఎండ ముదిరితే కొద్ది నిమిషాల్లోనే జిగురు పైన పొర కడుతుంది. ముందు పొట్టి వైపులు రెండూ విడివిడిగా బిగించి, ఆరాక పొడవాటి పట్టీలతో, మధ్యకర్రతో కలపాలి. మూలమట్టంతో పాటు ఐమూలలు (ఎదురెదురు మూలల మధ్య దూరాలు) కూడా టేపుతో కొలవండి. రెండూ సమానం కాకపోతే క్లాంపుని కాస్త ఏటవాలుగా జరిపితే సర్దుకుంటుంది. జిగురు ఆరాక ఇక సర్దుబాటు ఉండదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చేయాల్సింది పలక బిగింపు. 350 వెడల్పున్న పలక ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య మూడు నాలుగు మి.మీ. వెడల్పు మారుతుంది. పొడవులో తేడా లెక్కలోకి రాదు. కాబట్టి పలకను పట్టీలకు మరమేకులతో కదలకుండా బిగిస్తే, ముడుచుకునే కాలంలో అది మధ్యలో చీలుతుంది. అతుకు దగ్గరే కాదు, పోగు (చెక్క నార) వెంట ఎక్కడైనా. దీనికి మందు చిన్న కొయ్య బిళ్లలు. పట్టీల లోపలివైపు, పై అంచుకి 12 మి.మీ. కింద, 10 లోతు గాడి తీయాలి. బిళ్ల నాలుక గాడిలో ఉంటుంది, బిళ్లని మాత్రం పలకకి మరమేకుతో బిగిస్తాం. పొడవాటి పట్టీకి మూడేసి, పొట్టివాటికి నడిమధ్యన ఒక్కోటి. ఎండాకాలంలో బిగిస్తే పలక ఇక సాగుతుంది కాబట్టి పొడవాటి పట్టీల దగ్గర బిళ్లకీ పట్టీకీ మధ్య 3 మి.మీ. వదలాలి. వానల్లో బిగిస్తే ముడుచుకుంటుంది కాబట్టి దాదాపు ఆనించి పెట్టాలి. ఈ బెంచీ కింద పడుకుని చూస్తే బిళ్లల పక్కన ఆ ఖాళీ మే నెలలో ఒకలా, ఆగస్టులో ఒకలా కనిపిస్తుంది.

వేపతో చిరాకు చిత్రిక పట్టేటప్పుడే. పోగు ఒకే వాటంలో ఉండదు. ఒక పట్టె నునుపుగా వస్తే పక్క పట్టె పెచ్చులు లేస్తుంది. బ్లేడు బాగా నూరి, అతి సన్నగా దించి, చిత్రికని ఏటవాలుగా పట్టుకుని తోయాలి. మొండికేసిన చోట స్క్రేపర్ రేకుతో గీకి, తర్వాత 80, 120, 180 నంబర్ల ఉప్పుకాగితం, పోగు వెంటే. పెచ్చు లేచిన చోట ఉప్పుకాగితంతో గుంట మాపాలని చూస్తే అక్కడ పలక పల్లమవుతుంది.

పైపూతగా ఉడికించిన అవిసె నూనె మూడు పూతలు, పూతకీ పూతకీ మధ్య కనీసం ఒక రోజు. పూసిన పావుగంటకి మిగిలిన నూనె తుడిచేయాలి, లేకపోతే బంకబంకగా ఉండిపోతుంది. ఆ గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయొద్దు. నూనె ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతటవే అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి. నూనె పూతకి గీతలు పెద్దగా కనిపించవు, మళ్లీ పూయడం సులువు. వేడి గిన్నె, తడి గ్లాసు పెడితే మాత్రం మచ్చ పడుతుంది. భోజనాల బల్లకైతే పీయూ (పాలీయురెథేన్) పాలిష్ మేలు.

కాళ్ల అడుగులు నల్లబడటానికి కారణం ఇల్లు తడిగుడ్డతో తుడవడం, పండగలకి నీళ్లు పోసి కడగడం. కాలి అడుగున పోగుల కొసలు నీళ్లను పైకి పీలుస్తాయి. బిగించక ముందే ఆ కొసలకి ఎపాక్సీ పట్టించి, రబ్బరు బుష్‌లు వేస్తే ఈ సమస్య రాదు. బెంచీ పూర్తయ్యాక చేయాలంటే తిరగేసి, బాగా ఆరనిచ్చి, నల్లబడిన మేర ఉప్పుకాగితం పట్టించి ఎపాక్సీ పూయాలి. మరమేకులు స్టెయిన్‌లెస్ స్టీలువో ఇత్తడివో వాడండి. ఇనుపవైతే తడి తగిలిన చోటల్లా చుట్టూ నల్లటి మరక పాకుతుంది, అది ఉప్పుకాగితానికి కూడా పోదు.