ఈ-మైగ్రేట్ సేవ: పదో తరగతి దగ్గర గీసిన గీత

మా జగిత్యాల వైపు సౌదీకి పోయినా, ఒమన్‌కు పోయినా ‘దుబాయికి పోయిండు’ అనే అంటారు. విదేశాంగ విధానం అనే మాట ఆ ఊళ్లలో ఎవరి నోటా వినిపించదు గానీ, పాస్‌పోర్టులో ఈసీఆర్ ముద్ర, అంటే కొలువుకు విదేశం పోవాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలని తెలిపే గుర్తు, పడిందా లేదా అన్నది మాత్రం అక్షరం రాని తల్లి కూడా అడుగుతుంది. 1983 నాటి వలస చట్టం ప్రకారం, పదో తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు కొలువు కోసం వెళ్లాలంటే ముందుగా అనుమతి పొందాలి. ఆ అనుమతి ఇచ్చే విదేశాంగ శాఖ వేదికే ఈ-మైగ్రేట్. పదో తరగతి తప్పిన మా పెద్ద మేనల్లుడి కోసం దానిని మొదటి నుంచి చివరి దాకా వాడి చూశాను.

ఇందులో అన్నిటికన్నా పనికొచ్చేది లైసెన్సు ఉన్న ఏజెంట్ల జాబితా. పక్క పట్నంలోని ఒక ఏజెంటు మమ్మల్ని లక్షన్నర అడిగాడు. వెతికితే అతని పేరే అందులో లేదు. లైసెన్సు ఉన్న ఏజెంటు సేవా రుసుముగా 30,000 రూపాయలకు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోకూడదన్న నిబంధన ఉందని మా అక్కకు చెబితే, ఇరవై ఏళ్లుగా ఊరంతా అప్పులు చేసి కట్టిన డబ్బు లెక్క తలచుకొని ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత జాబితాలో ఉన్నవారి ద్వారానే వెళ్లాము. జీతం, పని గంటలు, వసతి అన్నీ ఒప్పందంలో ముందే కనిపించాయి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో, ప్రమాదంలో మరణించినా శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల బీమా వర్తిస్తుంది. ప్రయాణానికి ముందు ఇచ్చే ఒక రోజు శిక్షణ ఉచితం.

జీతం గడిలోని అంకెకు వెనుక ఒక కథ ఉంది. ఈ కార్మికులకు ఏ దేశంలో కనీసం ఎంత ఇవ్వాలో మన ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2020 సెప్టెంబరులో, కరోనా దెబ్బకు మన కొలువులు పొరుగు దేశాల కూలీలకు పోతాయన్న భయంతో, గల్ఫ్ దేశాలకు ఆ కనీస వేతనాన్ని 30 నుంచి 50 శాతం దాకా తగ్గించారు. గల్ఫ్ కార్మికుల తరఫున తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడింది. 2021లో పాత వేతనాలను పునరుద్ధరించారు. దేశాల మధ్య బేరమంటే చమురూ ఆయుధాలే అనుకునే మనకు, ఢిల్లీలో వెలువడిన ఒక ఉత్తర్వు ఎడారిలో ఇనుము వంచే మనిషి నెల జీతాన్ని ఎలా కోసిందో తెలిపే ఉదాహరణ ఇంతకన్నా దొరకదు.

ఇక లోపాలు. విజిట్ వీసా మీద వెళ్లేవారికి ఈ అనుమతి అక్కరలేదు కాబట్టి, మోసం చేసే ఏజెంటు ఆ దారినే పట్టిస్తాడు. అలా వెళ్లి, గడువు దాటాక అక్కడే చాటుగా పనిచేస్తూ ‘ఖల్లివల్లి’ అయినవారికి ఈ బీమా లేదు, చేతిలో ఒప్పందం లేదు. అంతకన్నా పెద్ద లోపం పదో తరగతి దగ్గర గీసిన ఆ గీతలోనే ఉంది. కంప్యూటర్ ఉద్యోగమని నమ్మి కంబోడియాకు వెళ్లి, సైబర్ మోసాలు చేయించే ముఠాల చేతుల్లో చిక్కిన మన యువకుల సంగతిని 2024లో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. ఆ 18 దేశాలలో కంబోడియా, మయన్మార్ లేవు. థాయిలాండ్ ఉన్నా, పదో తరగతి దాటినవారికి దానితో పని లేదు. చదువుకున్నవాడు తనను తాను కాపాడుకోగలడని 1983లో అనుకొని ఉండవచ్చు. ఆ చట్టం స్థానంలో తేదలచిన బిల్లు ముసాయిదాను 2025లో ప్రజాభిప్రాయానికి పెట్టారు గనుక, దీన్ని సరిచేయడానికి అవకాశం ఇంకా ఉంది.

గీత లోపల ఉన్నవారికి ఈ సేవ విలువ అయిదుకు నాలుగు. బయట ఉన్నవారికి అయిదుకు రెండు, అది కూడా ఆ ఏజెంట్ల జాబితా అందరికీ తెరిచి ఉంచినందుకు. మా చిన్న మేనల్లుడు డిగ్రీ చదివాడు. మొన్న టెలిగ్రామ్‌లో బ్యాంకాక్ ఉద్యోగమొకటి వచ్చిందని చూపించాడు. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్‌లో వెతుకుదామంటే, “నాకు ఆ ముద్ర లేదు కద మామా, అది అన్నసొంటోళ్లకే” అన్నాడు. అయినా వెతికాము. ఆ పేరు జాబితాలో లేదు.