షిర్డీ వెళ్తే హివారే బజార్ చూసి రండి, నగర్‌లో లాడ్జి మాత్రం జాగ్రత్త

షిర్డీకి మనవాళ్ళు వెళ్ళే రూటు అందరికీ తెలిసిందే. నాగర్‌సోల్‌లో దిగడం, బాబా దర్శనం, మర్నాడు శని శింగణాపూర్, టైముంటే ఎల్లోరా, ఇంక తిరుగు రైలు. శింగణాపూర్ దాకా వెళ్ళినవాళ్ళు ఇంకో గంటన్నర కారులో కూర్చుంటే, కరువులోంచి తన పంచాయతీ చేసిన నీటి పనులతో లేచి నిలబడ్డ ఊరు హివారే బజార్ వస్తుంది, కానీ ఈ మాట ఏ ట్రావెల్స్ వాడూ చెప్పడు. అందుకే ఇది రాస్తున్నా. ఇంకో కారణం కూడా ఉంది. నగర్‌లో, అంటే అహ్మద్‌నగర్‌లో, ఒక లాడ్జి వాడు మమ్మల్ని నిలువునా దోచుకున్నాడు, ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

వెళ్ళింది నలుగురం. నేను, మా ఆవిడ, అక్క, బావ. బావ 2019లో గెలిచి 2024 దాకా సర్పంచ్‌గా చేశాడు. సొంత డబ్బు పెట్టి పనులు చేయించాడు, కొన్ని బిల్లులు ఇంకా రాలేదు, ఆ ఫైళ్ళ కోసం మండలాఫీసు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. పంచాయతీ మాటెత్తితే చాలు ముఖం ముడుచుకుంటాడు. హివారే బజార్ అనగానే "దేవుడి దగ్గరికని తీసుకొచ్చి మళ్ళీ ఆ మోరీలు, సీసీ రోడ్లే చూపిస్తావా బామ్మర్దీ" అన్నాడు. అక్క ఊళ్ళో మహిళా సంఘం లీడరు, ఆమె పట్టుబట్టింది కాబట్టి కదిలాడు. మా ఆవిడకి షిర్డీ దర్శనం అయిపోతే ఇంకేదైనా ఓకే.

షిర్డీ, శింగణాపూర్ ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయాయి. కారు షిర్డీలో మాట్లాడుకున్నాం. ఏడు సీట్ల బండి, శింగణాపూర్ మీదుగా నగర్, రాత్రి అక్కడ ఆగి మర్నాడు హివారే బజార్, అన్నా హజారే ఊరు రాలేగణ్ సిద్ధి చూపించి తిరిగి నాగర్‌సోల్‌లో దింపాలి. టోల్, డ్రైవర్ బత్తా అన్నీ కలిపి 9,500. బావ దాన్ని కాగితం మీద రాయించి డ్రైవర్‌తో సంతకం పెట్టించుకున్నాడు. చివర్లో ఒక్క రూపాయి కూడా ఎక్కువ అడగలేదు. మీరూ అలాగే చెయ్యండి.

ఇక లాడ్జి. అహ్మద్‌నగర్ పేరు ఇప్పుడు అహిల్యానగర్ అయింది, బోర్డుల మీద రెండూ కనిపిస్తాయి, అక్కడి జనం మాత్రం నగర్ అనే అంటారు. బస్టాండ్‌కి దగ్గర్లో ఉన్న లాడ్జికి ముందే ఫోన్ చేశాం. ఏసీ డబుల్ రూమ్ 1,400, ఇరవై నాలుగు గంటల చెకౌట్, వేడినీళ్ళు ఎప్పుడైనా వస్తాయి అన్నాడు. రాత్రి ఎనిమిదిన్నరకి నలుగురం సామాన్లతో కౌంటర్ ముందు నిలబడ్డాక అసలు సంగతి బయటపడింది. ఏసీ రిమోట్ కావాలంటే రూముకి 300 కట్టాలట. ఆధార్ జిరాక్సులకి మనిషికి 20. అప్పటికే ఆడవాళ్ళు అలిసిపోయి ఉన్నారు, ఆ టైములో ఇంకో లాడ్జి వెతకలేమని వాడికి బాగా తెలుసు. రూములోకి వెళ్ళి అక్క దుప్పటి విప్పితే మధ్యలో ఇస్త్రీపెట్టె కాలిన గోధుమరంగు మచ్చ, దిండు గలేబు మీద ఎవరిదో తలనూనె జిడ్డు. మార్చమంటే కుర్రాడు అదే గలేబుని తిరగేసి తొడిగి వెళ్ళిపోయాడు. అక్క తన శాలువా పరుచుకుని పడుకుంది.

పొద్దున పంపులో వేడినీళ్ళు రాలేదు. అడిగితే గీజర్ పాడైంది, బకెట్ 30కి పైకి పంపిస్తాం అన్నారు. నాలుగు బకెట్లు తెప్పించుకున్నాం. ఇరవై నాలుగు గంటల చెకౌట్ ఏమో పొద్దున తొమ్మిదింటికే అయిపోయింది. కింద లెక్క చూస్తే రూములు 2,800, ఏసీకి 600, జిరాక్సులు 80, నీళ్ళు 120, ఇవి కాక 'సర్వీస్' అని ఇంకో 200. మొత్తం 3,800. బిల్లు ఇమ్మంటే తెల్లకాగితం మీద 2,800 మాత్రమే రాసిచ్చాడు. మిగతా వెయ్యికి కాగితం లేదు. బావ మామూలుగా గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు మాత్రం హైదరాబాదీ హిందీలో ఒక్కసారి లేచాడు. బయటికొచ్చి కారెక్కాక కూడా ఆగలేదు: "బ్లీచింగ్ పౌడర్ సంచి కొన్నా ఓచర్ రాయించినోణ్ణి నేను. ఆడిట్‌వాళ్ళు ఒక్క ఓచర్ లేదని నన్ను నాలుగు నెలలు తిప్పిండ్రు. వీడు వెయ్యి రూపాయలకి కాగితం ఇయ్యనంటడా?" అప్పటికే అందరి మూడ్ చెడిపోయింది. హివారే బజార్ దాకా కారులో ఎవరూ మాట్లాడలేదు.

నగర్ నుంచి ఆ ఊరు పదిహేడు కిలోమీటర్లు. వానాకాలం మొత్తం కలిపినా 400 మిల్లీమీటర్లు దాటడం కష్టమయ్యే కరువు నేల అది. దార్లో కొండలు బోడిగా ఉంటాయి, ఊరు దగ్గరపడే కొద్దీ చెట్లు కనిపిస్తాయి. ముందుగా ఫోన్ చేసి ఉన్నాం కాబట్టి పంచాయతీ దగ్గర ఒక రిటైర్డ్ మాస్టారు మా కోసం ఎదురుచూస్తున్నారు. హిందీ బాగా మాట్లాడతారు. ఊరు చూపించినందుకు డబ్బులిస్తే తీసుకోలేదు.

1972 కరువు తర్వాత ఆ ఊరు ఎలా చితికిపోయిందో ఆయన నడుస్తూ చెప్పారు. బావులు ఎండాయి, జనం వలసపోయారు, మిగిలినవాళ్ళలో చాలామంది సారా కాచారు. గవర్నమెంటు ఉద్యోగిని శిక్షగా బదిలీ చెయ్యాలంటే ఈ ఊరికి వేసేవాళ్ళట. 1990 ప్రాంతంలో ఎం.కామ్ చదివిన పోపట్‌రావు పవార్‌ని పోటీ లేకుండా సర్పంచ్ చేశారు. ఆయనకి 2020లో పద్మశ్రీ వచ్చింది. నాకు బాగా పట్టిన విషయం ఏంటంటే, ఆయన కొత్త పథకం ఏదీ కనిపెట్టలేదు. ఉపాధి హామీ మహారాష్ట్రలో అప్పటికే ఉంది. ఆ డబ్బుతోనే కొండల మీద కందకాలు తవ్వించారు, కట్టలు, చెక్‌డ్యాములు, ఊటకుంటలు కట్టించారు, పైన శ్రమదానం చేయించారు. మేము కొండ కొంచెం ఎక్కాం. వాలుకి అడ్డంగా ఒకదాని కింద ఒకటి కందకాలు, వాటి గట్ల మీద గడ్డి, చెట్లు. పశువుల్ని కొండ మీదికి వదలకూడదు, గడ్డి కోసుకుని తెచ్చుకోవాలి. చెట్టు కొట్టకూడదు. భూమి బయటివాళ్ళకి అమ్మకూడదు. సాగుకి బోరు వెయ్యకూడదు, బోరు నీళ్ళు తాగడానికే. చెరుకు, అరటి వెయ్యకూడదు.

బావకి అసలు ప్రాణం లేచొచ్చింది మాత్రం నీటి లెక్క దగ్గర. ఎంత వాన పడిందో, బావుల్లో నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో ఊళ్ళోనే కొలుస్తారు. మనుషులకి, పశువులకి తాగడానికి ఏడాదికి ఎంత కావాలో ముందు తీసి పక్కన పెడతారు. మిగిలిన నీళ్ళని బట్టి యాసంగిలో ఏ పంట ఎంత వెయ్యాలో గ్రామసభలో తేలుస్తారు. వాన తగ్గిన ఏడాది పంట తగ్గించుకుంటారు. బావ ఊరుకోలేదు, "రాత్రికి రాత్రి ఎవడైనా బోరు వేస్తే?" అని అడిగాడు. మాస్టారు చాలా మామూలుగా, బోరు బండి ఊళ్ళోకి వస్తే చప్పుడు అందరికీ వినిపిస్తుంది కదా, పదిమంది పోయి నిలబడతారు అన్నారు. బావ కాసేపు మాట్లాడలేదు. మనకీ నీళ్ళు, భూమి, చెట్లని కాపాడే వాల్టా చట్టం 2002 నుంచి ఉంది. బోరు వెయ్యాలంటే పర్మిషన్ కావాలి. మా ఊళ్ళో పర్మిషన్ ఎవరు అడిగారో చెప్పమంటే ఒక్క పేరు కూడా తట్టదు. ఒక బోరు ఎండితే పక్కనే ఇంకోటి దింపుతాం, అది ఎండితే అప్పు మిగులుతుంది. బావ జేబులోంచి షిర్డీ ప్రసాదం కవరు తీసి, దాని వెనక మిల్లీమీటర్లు, బావుల లెక్కలు రాసుకోవడం మొదలుపెట్టాడు. పొద్దున్నుంచి మూతి బిగించుకున్న మనిషి మళ్ళీ సర్పంచ్ అయిపోయాడు.

ఊళ్ళో అన్నీ నాకు నచ్చాయని చెప్పను. పెళ్ళికి ముందు హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోవాలన్న రూలు, కుటుంబ నియంత్రణని ఊరి నియమాల్లో పెట్టడం లాంటివి ఊరంతా కలిసి ఒక మనిషి మీద రుద్దకూడదని నా అభిప్రాయం. ఒక్క నాయకుడి చుట్టూ ఇంత నడవడం కూడా భయం కలిగించే విషయమే. అదే ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ముస్లిం కుటుంబం కోసం అందరూ కలిసి మసీదు కట్టారు, అది చూసి అక్క చాలాసేపు అక్కడే నిలబడింది.

భోజనం మాస్టారి పక్కింట్లో. మనిషికి 100 రూపాయలు. పిఠ్లా, భాకరీ, ఠేచా అనే పచ్చిమిర్చి పచ్చడి, ఉల్లిపాయ. పిఠ్లా అంటే శనగపిండిని పోపులో ఉడికించిన కూర. భాకరీ మన జొన్నరొట్టే, కాకపోతే మన దాని కన్నా పల్చగా, పెద్దగా చేస్తారు. ఆ ఇంటావిడ రొట్టెని రెండు చేతుల మధ్య తిప్పుతూ పెనం మీద వేసి, తడిచేత్తో పైన ఒక్కసారి నీళ్ళు రాసి, అది ఆరే లోపల తిరగేసి, తర్వాత పెనం తీసి నేరుగా మంట మీద పెట్టింది. బుస్సున పొంగింది. జొన్నరొట్టె మా ఆవిడ రోజూ చేసేదే, అయినా పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుని మూడు రొట్టెలు తను చేస్తానని అడిగి చేసింది. ఆ ఇంటావిడకి హిందీ అంతంత మాత్రం, అక్కకి మరాఠీ రాదు, అయినా పాల లెక్కలు, సంఘం అప్పులు, వడ్డీలు చేతివేళ్ళ మీద మాట్లాడేసుకున్నారు. 1990ల్లో రోజుకి 150 లీటర్ల పాలు వచ్చే ఊరు తర్వాత నాలుగు వేల లీటర్ల దాకా వెళ్ళిందంటే, ఆ కొండ మీద గడ్డిని కాపాడుకున్నందుకే. యాత్ర మొత్తంలో మా నలుగురికీ కడుపు, మనసు రెండూ నిండిన పూట అది.

అక్కడి నుంచి రాలేగణ్ వెళ్తూ, పుణె రోడ్డు మీద ఇంకో ఊళ్ళో ఆగాం. బావ ఊపు మీద ఉన్నాడు, ఆ పంచాయతీకి కూడా వెళ్ళి పనుల బోర్డు చూద్దామన్నాడు. లోపలున్న క్లర్కు కుర్చీలోంచి లేవకుండా ఎవరు మీరు, ఎవరు పంపారు, లెటర్ ఉందా అని అరిచాడు. గోడ మీద పనుల బోర్డు ఉంది, దాని ముందు బీరువా పెట్టేశారు. జరపమన్నందుకు బయటికి నడవమన్నాడు. బావ "ఇది మాత్రం మన దగ్గరలాగే ఉంది" అని బాధగా అన్నాడు.

రాలేగణ్ సిద్ధి గురించి తక్కువే చెప్తా. 1975లో ఆర్మీ నుంచి వచ్చేసిన అన్నా హజారే తన డబ్బుతో యాదవ్‌బాబా గుడి బాగు చేయించి, అక్కడి నుంచే ఊరి పని మొదలుపెట్టారు. నీటి పనులు హివారే బజార్ కన్నా ముందే ఇక్కడ జరిగాయి. పరీక్ష తప్పిన పిల్లల్ని చేర్చుకునే స్కూలు కూడా ఉంది, ఆ ఆలోచనకి దణ్ణం పెట్టాలి. తాగినవాళ్ళని స్తంభానికి కట్టి కొట్టిన పద్ధతి మాత్రం ఎంత మంచి కోసమైనా నేను ఒప్పుకోను. ఇప్పుడు ఊరు కొంచెం మ్యూజియంలా అనిపించింది, ప్రశ్నలడిగితే జవాబిచ్చే మనిషి దొరకలేదు. టైము తక్కువుంటే దీన్ని వదిలేసి, ఆ పూట కూడా హివారే బజార్‌కే ఇవ్వండి. ఒక్క విషయంలో మాత్రం ఈ ఊరికి అందరం బాకీ. మహారాష్ట్రలో సమాచార హక్కు చట్టం కోసం అన్నా చేసిన పోరాటం, 2005లో దేశమంతటికీ ఆ చట్టం రావడానికి దారి వేసింది. బావ తన పెండింగ్ బిల్లుల మీద ఆర్‌టీఐ వేస్తానని తిరుగు రైల్లో అన్నాడు, ఇంటికి రాగానే వేశాడు కూడా.

మహారాష్ట్ర దాకా వెళ్ళలేనివాళ్ళు వరంగల్ పక్కన గీసుగొండ మండలంలో గంగదేవిపల్లి చూడండి. తిరిగొచ్చాక బావే పట్టుబట్టి తీసుకెళ్ళాడు. 1994లో మాచాపూర్ నుంచి విడిపోయి సొంత పంచాయతీ అయిన చిన్న ఊరు. అప్పటికి చాలా ముందే సారా బంద్ చేసుకుంది. నీళ్ళకి, సారా బందుకి, ఇంకా ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసుకుని నడిపించుకున్నారు, 2007లో పారిశుద్ధ్యానికి కేంద్రం ఇచ్చే నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చింది. అక్కడ తెలుగులో అన్నీ విడమరిచి అడగొచ్చు, అదే పెద్ద లాభం. అక్క అయితే కమిటీ ఆడవాళ్ళతో కూర్చుంటే సాయంత్రం దాకా లేవలేదు.

వెళ్ళే ముందు ఇంట్లో ఒక పని చెయ్యండి. పంచాయతీల లెక్కలు పెట్టే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో మీ ఊరి పంచాయతీ పేరు కొట్టి, ఏ పనికి ఎంత ఖర్చు చూపించారో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. 2021-26 మధ్య పదిహేనో ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం నీళ్ళకి, పారిశుద్ధ్యానికే వాడాల్సి ఉండేది, అందులో మీ ఊళ్ళో ఏం జరిగిందో చూసుకోండి. తెలంగాణలో రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టం చెప్తోంది, చివరిది ఎప్పుడు జరిగిందో సెక్రటరీని అడగండి. ఇవి చేతిలో ఉంటే అక్కడ అడగడానికి ప్రశ్నలుంటాయి. లేకపోతే చెట్ల ముందు సెల్ఫీలు దిగి వచ్చేస్తారు, మేమున్నప్పుడు వచ్చిన ఒక బస్సు జనం అదే చేశారు.

నగర్‌లో రాత్రి ఉండకండి. షిర్డీలోనే పడుకుని, తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే టిఫిన్ టైముకి హివారే బజార్‌లో ఉంటారు. పంచాయతీకి రెండు మూడు రోజుల ముందే ఫోన్ చెయ్యండి. భోజనం కావాలంటే ఎంతమందో అప్పుడే చెప్పండి, అప్పటికప్పుడు అడిగితే వాళ్ళకీ ఇబ్బంది. వానలు తగ్గాక, దీపావళి నుంచి సంక్రాంతి లోపల వెళ్తే కందకాలు, బావులు, పైరు అన్నీ ఒకేసారి చూడొచ్చు.