ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆన్ ఫ్రాంక్ ఇల్లు: టికెట్టు, మెట్లు, ఒక బల్ల

ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళాలనుకునేవాళ్ళకి ముందుగా ఒక మాట. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలకి దొరక్కుండా ఇంట్లోవాళ్ళతో దాక్కుని డైరీ రాసిన యూదు పిల్ల ఆన్ ఫ్రాంక్. వాళ్ళు దాక్కున్న ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం, అక్కడ కౌంటర్లో టికెట్లు అమ్మరు. ప్రతి మంగళవారం అక్కడి టైము ప్రకారం పొద్దున పదింటికి, ఆరు వారాల తర్వాతి టికెట్లు ఆన్‌లైన్లో వదులుతారు. తిరుమల దర్శనం టికెట్లకి కుస్తీ పట్టినవాళ్ళకి ఇదేం కొత్త కాదు. ఫోను ముందు ఒకరు, లాప్‌టాప్ ముందు ఒకరు కూర్చోవడం, క్యూలో మన నంబరు చూసి నీరసపడటం, అంతా అదే తంతు. వేసవిలో వాళ్ళ పదంటే మనకి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. నేను చలికాలం లెక్క వేసుకుని రెండున్నరకి కూర్చున్నాను. మొదటి మంగళవారం అలా పోయింది. రెండో వారం దొరికాయి, మనిషికి 16 యూరోల పైచిలుకు.

మా అత్తగారూ నేనూ జూన్ ఆఖర్లో వెళ్ళాం. మొదటి రెండు రాత్రులు కాలవ ఒడ్డున పాతకాలపు ఇంట్లో నడుపుతున్న ఒక చిన్న హోటల్లో దిగాం. ఫొటోల్లో కిటికీ, కిటికీలోంచి కాలవ, పడవలు. ఫొటోలో లేనివి మెట్లు. మెట్లు కూడా కాదు, గోడకి ఆనించిన నిచ్చెన అనుకోండి. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, సామాను మోసే మనిషి లేడు. 23 కిలోల సూట్‌కేసుని ఒక్కో మెట్టూ ఎక్కించి పైకి చేరేసరికి నాకు దేవుడు కనిపించాడు. దానికి తోడు గది అద్దె మీద 12.5 శాతం సిటీ పన్ను విడిగా కట్టించుకున్నారు. బుక్ చేసేటప్పుడే కింద చిన్న అక్షరాల్లో ఉందట. కాలవ అందం కోసం కుర్రాళ్ళయితే ఒక రాత్రి ఉండొచ్చు. పెద్దవాళ్ళతో వెళ్తే మాత్రం వద్దు. మూడో రోజు ఆమ్‌స్టెల్‌వేన్‌లో మా అన్నయ్య వాళ్ళింటికి మారిపోయాం. అక్కడ మనవాళ్ళు బోలెడుమంది, కరివేపాకు కూడా దొరుకుతుంది. బంధువులెవరూ లేనివాళ్ళు హార్లెమ్‌లో గది చూసుకోండి, రైల్లో ఇరవై నిమిషాల లోపే.

ఆ హోటల్ మెట్ల వల్ల ఒక లాభం జరిగింది. ప్రిన్సెన్‌గ్రాహ్ట్ 263 లో, అంటే ఆన్ ఫ్రాంక్ ఇంట్లో, మెట్లూ అలాంటివే. లిఫ్టు కొత్తగా కట్టిన భాగానికే గానీ, వాళ్ళు దాక్కున్న వెనక ఇంటికి లేదు. మోకాళ్ళ నొప్పులున్నా మా అత్తగారు "హోటల్లో ప్రాక్టీసు అయిందిగా" అంటూ పక్కకి తిరిగి ఒక్కో మెట్టే ఎక్కేశారు. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు, దాచుకునే చోటూ లేదు. ఫొటోలు తియ్యనివ్వరు, అది మంచిదే. ఆడియో గైడ్ టికెట్లోనే వస్తుంది.

కింద గోదాము, మధ్యలో ఆఫీసు. ఆన్ వాళ్ళ నాన్న ఒట్టో ఫ్రాంక్ కంపెనీ జామ్ గట్టిపడటానికి వేసే పెక్టిన్ అమ్మేది, మసాలా దినుసుల వ్యాపారం కూడా ఉండేది. పుస్తకాల బీరువా వెనక దారి. 1942 జులై 6 నుంచి 1944 ఆగస్టు 4 న పట్టుబడేదాకా అక్కడ దాక్కున్నది ఎనిమిది మంది. కింద పనివాళ్ళకి ఈ సంగతి తెలియదు కాబట్టి, వాళ్ళున్నంతసేపూ చెప్పుల్లేకుండా నడవాలి, గొంతు పెంచకూడదు, టాయిలెట్‌లో నీళ్ళు వదలకూడదు. ఆడియోలో ఈ మాట వచ్చేసరికి అత్తగారు హెడ్‌ఫోన్ తీసేసి, "ఎనిమిది మంది! పగలంతా నీళ్ళు పొయ్యకుండానా?" అన్నారు, కాస్త పైకే. ముందున్నావిడకి తెలుగు రాకపోయినా వెనక్కి తిరిగి తలూపింది.

గదులన్నీ ఖాళీ. సామాను జర్మన్లు తీసుకుపోయారు, మళ్ళీ నింపొద్దని ఒట్టో కోరాడట. అందుకే మిగిలినవాటి మీద కన్ను నిలుస్తుంది. ఆన్ గోడకి అంటించుకున్న సినిమా తారల బొమ్మలు అలాగే ఉన్నాయి. ఇంకో గదిలో గోడ మీద పెన్సిల్ గీతలు, పిల్లల ఎత్తు కొలిచినవి. మనింట్లో తలుపు చెక్క మీద గీసినట్టే. ఆ రెండేళ్ళలో ఆన్ 13 సెంటీమీటర్లు పెరిగింది.

వంటగది దగ్గర నాకు జామ్ సంగతి గుర్తొచ్చింది. 1944 జులైలో ఆఫీసుకి పెట్టెలకొద్దీ స్ట్రాబెర్రీలు వస్తే అందరూ కూర్చుని తొడిమలు తీశారు, జామ్ కాశారు. ఆవకాయ పెట్టే రోజు మనింట్లో ఉండే హడావిడే. ఆ సందడికి ఎవరైనా పసిగడతారేమోనని ఆన్‌కి ఒకటే గుబులు, అదీ రాసింది. ఇంకో నెల కూడా గడవలేదు.

ఆన్ అనగానే అందరూ ఎత్తి చూపేది ఒకటే వాక్యం, ఇంత జరిగినా మనుషులు లోపల మంచివాళ్ళేనన్నది. అదే రోజు, 1944 జులై 15 న, తమ మీదికి వస్తున్న ఉరుము వినిపిస్తోందని కూడా రాసింది, దాన్నెవరూ కార్డుల మీద అచ్చు వెయ్యరు. నాకు ఆ పిల్ల గొప్పతనం ఇంకో చోట కనిపించింది. ఆ సన్నటి గదిని తండ్రి వయసు పంటి డాక్టరు ఫ్రిట్జ్ ఫెఫర్‌తో పంచుకోవాల్సి వచ్చింది. ఉన్నది ఒకటే చిన్న బల్ల. వారానికి రెండు రోజులు సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర దాకా బల్ల తనకి కావాలని అడిగింది. ఆయన కుదరదన్నాడు. వాళ్ళ నాన్న కల్పించుకుని ఇప్పించాడు. 1944 మార్చి 28 న లండన్ నుంచి డచ్చి మంత్రి రేడియోలో, యుద్ధం ముగిశాక డైరీలూ ఉత్తరాలూ సేకరిస్తామన్నాడు. అది విని మే 20 నుంచి రెండేళ్ళ రాతనీ మళ్ళీ మొదటి నుంచి పట్టుకుంది. కొన్ని కొట్టేసింది, కొన్ని చేర్చింది, మనుషులకి మారుపేర్లు అనుకుంది. రెండున్నర నెలల్లో రెండు వందలకి పైగా విడి కాగితాలు. అప్పటికి పదిహేనేళ్ళు ఇంకా నిండలేదు, ఆ పని మధ్యలోనే నిండాయి. పుస్తకం అచ్చవుతుందో లేదో కాదు, రేపు తానుంటుందో లేదో తెలియని ఇంట్లో కూర్చుని, వాక్యం బాగాలేదని దిద్దుకుంది. పోలీసులొచ్చిన రోజు, వాళ్ళకి సాయం చేస్తూ వచ్చిన ఆఫీసు ఉద్యోగినులు మీప్, బెప్ ఆ కాగితాలు ఏరి దాచారు. ఎర్ర గళ్ళ అట్ట డైరీ పుట్టినరోజు కానుక కాబట్టి అందరూ దాని చుట్టూ మూగుతారు. మీరు విడి కాగితాల దగ్గర ఇంకాస్త ఆగండి.

మర్నాడు వీస్పర్‌స్ట్రాట్‌లోని పేర్ల స్మారకం చూశాం. టికెట్టు లేదు. నెదర్లాండ్స్ నుంచి పట్టుకుపోయి నాజీలు చంపిన యూదులు, రోమాలు లక్షా రెండు వేల పైచిలుకు మందికి తలా ఒక ఇటుక, పేరు, పుట్టిన తేదీ, వయసు. ఏమీ రాయని ఇటుకలు వెయ్యి. పట్టుబడ్డ యూదుల్ని ముందుగా తీసుకెళ్ళి ఉంచిన వెస్టర్‌బోర్క్ క్యాంపు బాగా దూరమని మానేశాం.

ఆఖరి రోజు మెర్వేదెప్లైన్ వెళ్ళాం, దాక్కోక ముందు వాళ్ళుండే చోటు. 37 వ నంబరు ఇంట్లోకి మనల్ని పంపరు, సొంత దేశాల్లో రాయనివ్వని రచయితలకి ఉండటానికి ఇస్తారు. ముందున్న పచ్చికలో ఆన్ చిన్న విగ్రహం. అక్కడినుంచి ప్రిన్సెన్‌గ్రాహ్ట్‌కి నడవాలని నా పంతం. అప్పట్లో యూదులు ట్రామ్ ఎక్కకూడదు కాబట్టి దాక్కోడానికి బయల్దేరిన రోజు వాళ్ళు నడిచే వెళ్ళారు, వానలో, సంచులు పట్టుకుని. సూట్‌కేసు పట్టుకుంటే అనుమానం వస్తుందని ఆన్ రెండు బనీన్లు, గౌను, దాని మీద స్కర్టు, జాకెట్టు, రెయిన్‌కోటు వేసుకుంది. అత్తగారిని అన్నయ్య ట్రామ్‌లో తీసుకెళ్ళాడు (దిగేటప్పుడు కూడా కార్డు తాకించాలి, మర్చిపోతే డబ్బులు ఎక్కువ పోతాయి). నేను సన్నటి జల్లులో బయల్దేరాను. దాదాపు నాలుగు కిలోమీటర్లు. సైకిళ్ళు మీదికి వస్తున్నట్టే వచ్చి పక్కనుంచి పోతుంటాయి.

ఆ ఇంటి దగ్గరి వెస్టర్‌కెర్క్ చర్చి గంట వినబడే దూరానికి వచ్చేసరికి షూలోకి నీళ్ళు దిగాయి. అత్తగారు చర్చి పక్క బెంచీ మీద గొడుగు వేసుకుని బంగాళాదుంప ఫ్రైస్ తింటున్నారు.

"ఎంతసేపు పట్టింది?" అన్నారు.

"గంటకి కాస్త తక్కువ."

"వాళ్ళకి ఎక్కువే పట్టుంటుంది, అన్ని బట్టలతో" అని పొట్లం నా వైపు జరిపారు.