కోనసీమలో ఇల్లు: పెంకుటిల్లా, స్లాబు డాబానా?

తాతల నాటి పెంకుటిల్లు ఉన్న ప్రతివాళ్ళకీ ఇదే గొడవ, బాగుచేయించుకోవాలా లేక పడగొట్టి స్లాబు వేసెయ్యాలా అని.

ఖర్చు: స్లాబుకి మొదట్లోనే గట్టిగా పెట్టాలి. పెంకుకి తక్కువే గానీ వానలముందు సర్దించుకోవాలి, నేసేవాళ్ళు దొరకడమే కష్టం ఇప్పుడు.

వేడి: ఇక్కడ పెంకుటిల్లుదే పైచేయి. కప్పు ఎత్తు, సందుల్లోంచి వేడిగాలి పైకి పోద్ది, మండువా (ఇంటి నడుమ పైకప్పు లేని ఖాళీ) ఉంటే ఇంకా హాయి. స్లాబు పగలంతా ఎండ పీల్చి రాత్రి మనమీదకి వదులుద్ది, ఇక ఏసీ పెట్టక చస్తామా, ఆ కరెంటు బిల్లు ఎవడూ ఇంటి ఖర్చులో లెక్కెయ్యడు.

పర్యావరణం: ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడులో సుమారు 8 శాతం సిమెంటుదే. పాత దూలాలు, పెంకులు, తలుపులు మళ్ళీ వాడుకోవచ్చు.

రిస్కు: తుపానుకి స్లాబే నయం. 1996 నవంబరు తుపాను చూసినవాళ్ళ దగ్గర పెంకు గొప్పలు చెప్పకండి. చెద బాధా పెంకుటింటికే. ఉప్పుగాలికి స్లాబులో ఇనుమూ తుప్పుపడుద్ది లెండి.

అంతర్వేది, ఓడలరేవు లాంటి తీరం ఊళ్ళైతే స్లాబు, కనీసం ఒక్క గదికైనా. లోపలి ఊళ్ళలో గోడలు గట్టిగా ఉంటే పడగొట్టొద్దు. కొత్తగా స్లాబే వేస్తే ఫిల్లర్ స్లాబు అడగండి, అడుగున కొంత కాంక్రీటు బదులు పాత పెంకులు పెడతారు, కేరళలో ఆర్కిటెక్టు లారీ బేకర్ బాగా వాడిన పద్ధతి, సిమెంటు తగ్గుద్ది, కాకపోతే తెలిసిన ఇంజినీరు ఉండాలి.